గామా రాయి, రామ్మూర్తి ఏనుగు: ఫ్లెక్సీ మీద ఏది వేయొచ్చు?

అన్నా, పాతబస్తీలో మీ తాలీం (కుస్తీ వ్యాయామశాల) వార్షికోత్సవం ఫ్లెక్సీకి రెండు లైన్లు సరైనవేనా అని అడిగారు. "గామా 1200 కిలోల రాయిని ఛాతీ దాకా ఎత్తాడు" అని పహిల్వాన్ గామా గురించి ఉన్నది తీసేయండి. "కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలిపారు" అన్నది ఉంచండి.

రాయి నిజమే, బరోడా మ్యూజియంలో ఉంది. 1902లో గామా ఎత్తాడని దాని మీదే చెక్కారు కూడా. కానీ చెక్కినంత మాత్రాన రుజువైపోదు కదా! నేల మీంచి 500 కిలోల బార్ లేపిన మొదటి మనిషి బ్రిటన్ బలశాలి ఎడ్డీ హాల్, అదీ 2016లో, తొడల దాకానే. ముక్కులోంచి రక్తం కారింది. సరైన పట్టు దొరకని రాయిని, అంతకు రెట్టింపు పైన బరువును ఛాతీ దాకానా? నేను నమ్మను. ఒక అంచు లేపి ఉంటాడేమో.

ఏనుగు ఫీటు వేరు. అది ఎత్తడం కాదు, భరించడం. ఇలాంటి ప్రదర్శనల్లో మనిషి పడుకుంటే, ఛాతీ మీద వేసిన పలక మీదుగా ఏనుగు నడుస్తుంది. పలక చివర నేలకు ఆనితే కొంత బరువు అటు పోతుంది, మిగతాది కొన్ని క్షణాలే మీద పడుతుంది. అలాగని ట్రిక్ అని కొట్టిపారేయకండి, కాస్త తేడా వస్తే పక్కటెముకలు మిగలవు.

అసలు గామాకు రాయి ఎందుకు? 1910లో లండన్‌లో పోలండ్ మల్లయోధుడు జిబిష్కోతో రెండున్నర గంటలకు పైగా కుస్తీ పట్టినా ఫలితం తేలలేదు. 1928లో పటియాలాలో అదే జిబిష్కోను నిమిషంలోపే పడగొట్టాడు. ఆ లైన్ వేయండి. రోజుకు 5000 బైఠక్‌లు (గుంజీళ్లు) తీసేవాడని ఎవరైనా కలపమంటే, లెక్కపెట్టిందెవరో అడగండి.