ప్రింటర్ కొనడానికి ఎఫ్‌డీ తీసేయనా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మావారిది ప్రైవేటు ఉద్యోగం. మసకబారినవి, షేక్ అయినవి, పాడైపోయిన ఫొటోలను నేను కంప్యూటర్‌లో పెయింటింగ్‌లా మార్చి, ఫ్రేమ్ కట్టించి ఇస్తున్నాను. నెలకు 6 ఆర్డర్లు, ఒక్కోటి 1,500 రూపాయలు. కాన్వాస్ ప్రింటర్‌కు 1,40,000, ఐప్యాడ్‌కు 60,000 అవుతుందంటున్నారు. పాప ఇంజినీరింగ్ ఫీజుకని దాచిన 3 లక్షల ఎఫ్‌డీ తీసేయనా, బంగారం తాకట్టు పెట్టనా? పన్ను గొడవ ఏమైనా ఉంటుందా?

జవాబు: రెండూ వద్దు. పాప ఫీజు వచ్చే ఏడాదే కట్టాలి, ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. గాజులు కూడా బీరువాలోనే ఉండనివ్వండి.

ఖర్చులన్నీ వివరంగా రాశారు కాబట్టి ముందు ప్రింటర్ సంగతి చూద్దాం. ఇప్పుడు ల్యాబ్‌లో కాన్వాస్ ప్రింటుకు 450 ఇస్తున్నారు. సొంత ప్రింటర్ ఉంటే కాన్వాస్, ఇంకు కలిపి 200 పడుతుందని షాపాయన చెప్పారట. ఆయన మాటే నమ్ముదాం. ప్రింటుకు 250 మిగులుతుంది. పెట్టిన 1,40,000 తిరిగి రావాలంటే 560 ప్రింట్లు తీయాలి. నెలకు ఆరు చొప్పున ఏడేళ్ల తొమ్మిది నెలలు! పైగా ఇంక్‌జెట్ ప్రింటర్ వాడకుండా ఉంచితే నాజిల్స్‌లో, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాల్లో, ఇంకు ఎండిపోతుంది. క్లీనింగ్ పెట్టిన ప్రతిసారీ కొంత ఇంకు వృథా. మన సముద్రపు గాలికి కాన్వాస్ రోల్ చెమ్మ పట్టకుండా చూసుకోవడం మరో పని. ఆ తలనొప్పి ల్యాబ్ వాళ్లకే ఉండనివ్వండి.

అసలు నష్టం మీ గంటల్లో ఉంది. 1,500లో ప్రింటు 450, ఫ్రేము 300 పోగా మిగిలేది 750. ఒక్కో బొమ్మకు తొమ్మిది గంటలు పడుతోందని మీరే రాశారు. అంటే గంటకు 83 రూపాయలు. ‘చీర రంగు మార్చండి, జుట్టు నల్లగా చేయండి’ అని వాట్సాప్‌లో వచ్చే మార్పులు కూడా కలిపితే ఇంకా తక్కువ.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి పాత ఆల్బమ్ తడిసిపోయింది. తాతయ్య ఫొటో ప్లాస్టిక్ కవరుకు అతుక్కుపోయి, తీయబోతే ఒక బుగ్గ సగం లేచి వచ్చేసింది. ఒక స్టూడియోలో 4,000 ఇచ్చి దాన్ని పెయింటింగ్ చేయించాను. నున్నటి చర్మం, మెరిసే కళ్లు, వెనకాల బంగారు రంగు. బొమ్మ బాగానే ఉంది, తాతయ్యే లేడు. ఎడమ కనుబొమ్మను చీలుస్తూ ఉండే పాత గాటు మాయం. అమ్మ దాన్ని గోడకు తగిలించనివ్వలేదు, ఇప్పటికీ మంచం కిందే ఉంది. ఫొటోను నిమిషంలో పెయింటింగ్‌లా మార్చే యాప్‌లు ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. ఆ గాటును ఉన్నది ఉన్నట్టు గీసే మనిషి దొరికితే ఇంకో 4,000 ఇవ్వడానికి నేను ఈరోజుకీ సిద్ధమే.

అందుకే ఫొటో చూడకుండా ధర చెప్పకండి. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు), వెలిసిన రంగు, వెనకాల అడ్డదిడ్డంగా పడినవి, కాస్త షేక్, ఇవన్నీ బ్రష్ కింద కలిసిపోతాయి. వీటికి 2,200 అడగండి. ఫ్లాష్ పడి ముక్కు, బుగ్గ తెల్లగా అయిపోయిన ముఖం సంగతి వేరు. అక్కడ వివరమే ఉండదు, మీరు ఊహించి గీయాలి. అదే వయసులో తీసిన ఇంకో ఫొటో ఇస్తే 3,500 చెప్పండి, ఇవ్వకపోతే మొహమాటపడకుండా ఆర్డర్ వద్దనండి. నెలకు ఒక్క అలాంటి ఆర్డర్ వదులుకున్నా రెండు మూడు రోజులు మీ చేతిలో మిగులుతాయి. వాట్సాప్ కాపీ కాకుండా అసలు ప్రింటు అడిగి తీసుకుని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేయండి. సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకోండి. రెండు మార్పులు ఉచితం, మూడోదానికి 200.

మౌస్‌తో గీస్తున్నానన్నారు, సగం సమయం అక్కడే పోతోంది. ఉన్న ల్యాప్‌టాప్‌కే 4-5 వేలలో ఒక పెన్ ట్యాబ్లెట్ (పెన్నుతో గీసే పలక) తగిలించుకోండి. బొమ్మలు గీసే ‘క్రిటా’ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఒక్క నెల ఆర్డర్ల మీద మిగిలేదాంతో ఈ ఖర్చు తీరిపోతుంది. ఐప్యాడ్ సంగతి తర్వాత.

మీరు ఉత్తరం చివర్లో ఊరికే ప్రస్తావించి వదిలేసిన మాట నన్ను పట్టుకుంది. యారాడ బీచ్‌లో, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున ఫోన్‌తో తీసిన ఫొటోలు సరిగ్గా రాకపోతే వాటినీ పెయింటింగ్ చేసి దాచుకున్నానన్నారు. ఒకరి తాతయ్య బొమ్మను ఆ ఇంటివాళ్లే కొంటారు, అదీ ఒక్కసారి. హార్బర్ పడవల బొమ్మను అదే ఫైలు నుంచి ఎన్నిసార్లైనా ప్రింట్ తీసి అమ్మొచ్చు. డాల్ఫిన్ నోస్ కొండ మసగ్గా పడిన ఫొటో పెయింటింగ్‌లో పొగమంచులా అందంగా కూడా కనిపిస్తుంది. నెలకు ఇలాంటివి రెండు చేయండి. మీరు తీసిన ఫొటోలే వాడాలి సుమా. నెట్‌లో దొరికిన ఫొటోను పెయింటింగ్‌గా మార్చినంత మాత్రాన తీసినవాళ్ల కాపీరైట్ పోదు.

పన్ను గురించి టెన్షన్ పడకండి. కొత్త ఆదాయపు పన్ను విధానంలో 2025-26కు 4 లక్షల ఆదాయం వరకు పన్నే లేదు, మీ సంపాదన దాని దరిదాపుల్లో కూడా లేదు. ఇది మీ చేతి పని మీద వచ్చే డబ్బు, మీవారి జీతంలో కలవదు. ఇప్పుడున్న అమ్మకాలకు జీఎస్టీ బెడద కూడా లేదు. ఫ్రేములు వేరే రాష్ట్రాలకు పంపాలన్నా, ఆన్‌లైన్ మార్కెట్లలో అమ్మాలన్నా మాత్రం నిబంధనలు మారతాయి. మొదలుపెట్టే ముందే ఆడిటర్‌ను ఒకసారి కలవండి. ఆర్డర్ల డబ్బుకు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, యూపీఐ దానికే పెట్టండి. కూరగాయల ఖర్చు అందులోంచి తీయొద్దు.

ఒక నోటుబుక్‌లో ప్రతి ఆర్డర్‌కు పట్టిన గంటలు, మిగిలిన రూపాయలు రాసి, ఆరు నెలలయ్యాక నాకు పంపండి. అప్పటికి నెలకు 40 ప్రింట్లు దాటుతుంటే ప్రింటర్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.