లారీల రోడ్డు దిగి కాలువగట్టు మీదికి

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని, వయసు 44. నిరుడు దసరాకు గేర్ల సైకిల్ కొనుక్కున్నాను. ఇప్పుడు ముప్ఫై కిలోమీటర్ల వరకు అలసట లేకుండా తొక్కగలుగుతున్నాను. ఫోనులో మ్యాపు పెట్టుకుని రావులపాలెం బయలుదేరితే అది నన్ను జాతీయ రహదారి ఎక్కించింది. వెనుక నుంచి దూసుకువచ్చే లారీలకు భయపడి సగం దారిలోనే వెనుదిరిగాను. పల్లెల మధ్య నుంచి ప్రశాంతంగా సాగే దారులు మాకు దగ్గరలో ఉన్నాయా? ఒంటరిగా వెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఊరికి ఆనుకునే ఉన్నాయమ్మా. అటువంటి దారులు ఇంత దగ్గరగా ఉన్న పట్టణాలు మన రాష్ట్రంలో తక్కువ. మ్యాపు సాధారణంగా త్వరగా చేర్చే దారినే వెతుకుతుంది కనుక మిమ్మల్ని రహదారి ఎక్కించింది. మీరు వెతకవలసింది కాలువను.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట నుంచి డెల్టా అంతటికీ నీరు వాలు మీదే పారాలి. అందుకని కాలువలను ఎత్తుపల్లాలు లేకుండా, నేల వాలును అనుసరించి తవ్వారు. ఆ కాలువల మీద పడవలు నడిచిన రోజుల్లో మనుషులు గట్టు వెంబడి నడుస్తూ తాళ్ళతో పడవలను లాగేవారు. సైకిల్ తొక్కేవారికి కాలువ వెంబడి సాగే రోడ్లు ఇంత అనువుగా ఉండడానికి కారణం ఆ వాలే: మోకాళ్ళను పరీక్షించే ఎక్కుడు ఉండదు, చాలాచోట్ల చెట్ల నీడ దొరుకుతుంది, నీటిని విడవకుండా సాగినంతసేపు దారి తప్పే భయమూ ఉండదు.

మొదటిసారికి ఈ దారి చాలు. తెల్లవారుతూనే ధవళేశ్వరం చేరి, బ్యారేజీ మీదుగా పిచ్చుకలంక దాటి బొబ్బర్లంకలో దిగండి. బ్యారేజీ మీద రోడ్డు ఇరుకు; వాహనాలు పెరగకముందే దాటేయడం మంచిది. బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా ప్రధాన కాలువ పక్కనే ఆత్రేయపురం మీదుగా, కాలువ నీటిని మళ్ళించే లొల్ల లాకుల దాకా వెళ్ళవచ్చు. లాకుల దగ్గర కాసేపు ఆగి, ఒక్క కాలువ రెండు మూడు పాయలుగా విడిపోయి కోనసీమలోకి సాగిపోవడం చూడండి. ఆ చోటును చూడకుండా వెళ్ళిపోయేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఓపిక ఉంటే ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి ఆలయం వరకు వెళ్ళి వెనక్కి తిరగండి. ర్యాలి వరకు రానూపోనూ సుమారు 50 కిలోమీటర్లు అవుతుంది. అయితే శనివారం మాత్రం వద్దు. ఆ రోజు వాడపల్లి వెంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చే భక్తుల వాహనాలతో ఆ రోడ్లన్నీ నిండిపోతాయి.

అలవాటు పడ్డాక పెద్ద చుట్టు వేయవచ్చు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారిని ఒక్కసారి దాటి, కొత్తపేట, పలివెల వైపు నుంచి కొబ్బరితోటల మధ్యగా ముక్తేశ్వరం చేరి, అక్కడి రేవులో సైకిల్‌తో సహా పంటు ఎక్కి గౌతమి దాటితే కోటిపల్లి వస్తుంది. అక్కడి నుంచి ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా కడియం నర్సరీల పక్కగా ఇల్లు చేరవచ్చు. ఇది వంద కిలోమీటర్లు దాటుతుంది. వరద రోజుల్లో పంటు తిరగదు కనుక బయలుదేరే ముందే కనుక్కోవాలి. తీరానికి దగ్గరైన ప్రాంతం కావడంతో మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. పొద్దున దక్షిణానికి వెళ్ళి మధ్యాహ్నం ఉత్తరానికి తిరిగేలా పెట్టుకుంటే, అలసిన వేళకు ఆ గాలి మీ వీపును తోస్తుంది.

ఈ దారుల్లో లారీల కన్నా నేను ఎక్కువ జాగ్రత్తపడేది ధాన్యం విషయంలో. సార్వా కోతల కాలమైన నవంబరు, డిసెంబరుల్లోనూ, దాళ్వా కోతలు సాగే ఏప్రిల్‌లోనూ రైతులు రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. ఒకసారి నేను వేగంగా వచ్చి అంచున ఉన్న గింజల మీదికి సైకిల్ పోనివ్వగా ముందుచక్రం జారి, మోచెయ్యి చీరుకుపోయింది. అప్పటి నుంచి ధాన్యం కనపడగానే దిగి నడిపించుకుపోతున్నాను. మన భద్రత కోసమే కాదు, అది ఒక కుటుంబం ఆరుగాలం పడిన కష్టం; దాని మీద చక్రం పోనివ్వకూడదు. అలాగే గట్టు మీద చాలాచోట్ల కాలువ వైపు అడ్డుగోడ ఉండదు. ఎదురుగా పెద్ద బండి వస్తే నీటి అంచుకు ఒదిగి తొక్కకుండా దిగి నిలబడండి, చీకటి పడ్డాక అసలు వెళ్ళకండి.

ఒంటరిగా వెళ్ళడం గురించి అడిగారు. డెల్టాలో ఊరికీ ఊరికీ దూరం తక్కువ, ఏ మలుపులోనైనా పొలానికి వెళ్ళే మనిషి కనిపిస్తారు. అయినా మొదటి రెండు మూడుసార్లు తోడు ఉంటే దారి బాగా గుర్తుంటుంది. తరువాత ఒక్కరే వెళ్ళినా, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి, ఫోనులో మీరున్న చోటు వారికి కనిపించేలా పెట్టండి. సంక్రాంతి మూడు రోజులూ, ముఖ్యంగా కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరిగే కనుమ నాడు, ఆ వైపు సైకిల్ వద్దు.

ప్రశ్న: సన్న టైర్ల సైకిల్ పల్లె రోడ్లకు పనికిరాదని దుకాణంవారు అంటున్నారు. నిజమేనా? దారిలో పంక్చరైతే ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పూర్తిగా నిజం కాదు. తారు ఉన్నంతవరకు 28 మిల్లీమీటర్ల టైరు చాలు. గుంతలు, కంకర తేలిన చోట్లు ఎక్కువైతే 32 మేలు. మీ ఫ్రేములో 32 పడితే దానినే వేయించండి, గాలి కొంచెం తక్కువగా కొట్టండి. ఇక పంక్చరు సంగతి. రోడ్డు సైకిళ్ళ ట్యూబులకు సాధారణంగా ప్రెస్టా అనే సన్నని వాల్వు ఉంటుంది, పల్లెలోని దుకాణం పంపు దానికి పట్టదు. వాల్వుకు బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి, అదనపు ట్యూబు ఒకటి, రెండు టైరు లీవర్లు, చేతి పంపు సీటు కింది సంచిలో ఉంచుకోండి. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి చూడండి. విరిగిన తుమ్మముల్లు అక్కడే మిగిలి ఉంటే రెండో ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది.

ప్రశ్న: బ్రెవే అంటే పందెమా? అందులో చేరడానికి ఎంత వేగం కావాలి?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: పందెం కాదు, నిర్ణీత సమయంలో ముగించవలసిన దూరపు సైకిల్ ప్రయాణం; మొదట వచ్చినవారికి బహుమతీ లేదు. 200 కిలోమీటర్ల బ్రెవేను 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి; అంటే విశ్రాంతి కలుపుకుని గంటకు సగటున దాదాపు 15 కిలోమీటర్లు. మన దేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా అనే సంస్థ గుర్తింపు ఉన్న క్లబ్బులు నడుపుతాయి. ముందుగా కాలువగట్టు మీద వంద కిలోమీటర్లు నాలుగైదుసార్లు తొక్కి, అప్పుడు పేరు ఇవ్వండి.