ఆకులో మాల్టోజ్ ఎప్పుడు పుడుతుంది, ఎక్కడ విరుగుతుంది?

మాల్టోజ్ అనే చక్కెర మొలకెత్తే గింజల్లో కదా ఉండేది, కిరణజన్య సంయోగక్రియతో దానికేం పని అని అడిగారు. మొక్కల జీవరసాయన ల్యాబ్‌లో ఆకుల స్టార్చ్ మీదే చాలాకాలం పనిచేశాను కాబట్టి చెప్తున్నాను.

పగలు ఆకు పట్టుకున్న కార్బన్‌లో కొంత హరితరేణువు దాటి బయటికొచ్చి సుక్రోజ్ అవుతుంది. కొంత లోపలే స్టార్చ్ రేణువులుగా పేరుకుంటుంది. మాల్టోజ్ ప్రధానంగా చీకటి పడ్డాక, ఆ స్టార్చ్‌ను మొక్క కరిగించుకునేటప్పుడు పుడుతుంది. ముందు ఒక ఎంజైమ్ స్టార్చ్ గొలుసులకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దాంతో గట్టిగా అల్లుకున్న గొలుసులు వదులవుతాయి. అప్పుడు బీటా అమైలేజ్ అనే మరో ఎంజైమ్ గొలుసు చివరి నుంచి రెండేసి గ్లూకోజ్‌లను కోసుకుంటూ వస్తుంది. ఆ జంటే మాల్టోజ్. గింజల్లో పెద్ద పాత్ర స్టార్చ్‌ను కోసే ఇంకో ఎంజైమ్, ఆల్ఫా అమైలేజ్‌ది. ఆకుల్లో అలా కాదు, ల్యాబ్‌ల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఉన్న మూడు ఆల్ఫా అమైలేజ్‌లూ తీసేసినా రాత్రి స్టార్చ్ మామూలుగానే కరుగుతుంది.

మాల్టోజ్ హరితరేణువు పొర దాటాలంటే మెక్స్1 అనే రవాణా ప్రోటీన్ కావాలి. దీన్ని 2004లో గుర్తించారు. ఇది లేని అరబిడాప్సిస్ మొక్కలను నేను పెంచాను. పొట్టిగా, ఆకులు పాలిపోయి ఉంటాయి. తెల్లవారకముందే ఆకులు కోసి, వేడి ఆల్కహాల్‌లో పచ్చదనం పోగొట్టి, స్టార్చ్‌ను నల్లబరిచే అయోడిన్ వేసి, మామూలు మొక్క ఆకు పక్కన పెడితే తేడా కళ్లకు కడుతుంది. మామూలు మొక్క ఆకు లేత గోధుమరంగులో ఉంటుంది, అంటే రాత్రంతా స్టార్చ్ ఖర్చయిపోయింది. మెక్స్1 లేనిదాని ఆకు నల్లగా తేలుతుంది. మాల్టోజ్ బయటికి పోలేక లోపల నిండిపోతే వెనక స్టార్చ్ కరగడం కూడా మందగిస్తుంది. ఇంత చిన్న చక్కెర కదలిక ఆగితే మొక్క మొత్తం కుంగిపోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

బయటికొచ్చాక కణద్రవ్యంలో డీపీఈ2 అనే ఎంజైమ్ దాన్ని అందుకుంటుంది. చాలామంది ఇక్కడ మాల్టేజ్ అనే ఎంజైమ్ మాల్టోజ్‌ను నీటితో రెండు ముక్కలు చేస్తుందనుకుంటారు. ఆకులో ముఖ్యమైన దారి అది కాదు. డీపీఈ2 ఒక గ్లూకోజ్‌ను విడిగా వదిలి, రెండోదాన్ని కణద్రవ్యంలోని మరో పాలిసాకరైడ్‌కు, అంటే పొడవాటి చక్కెర గొలుసుకు, అతికిస్తుంది. విడి గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించడానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చవుతుంది. అతికించినదాన్ని ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్ తర్వాత ఏటీపీ అక్కర్లేకుండానే గ్లూకోజ్ ఫాస్ఫేట్‌గా విడదీయగలదు. రెండూ చివరికి ఎక్కువగా సుక్రోజ్ తయారీకే చేరతాయి.

పగలు స్టార్చ్ కరగడం అసలు జరగదని కాదు. పత్రరంధ్రాల పక్కనుండే రక్షక కణాల్లో ఉదయపు వెలుతురు తగలగానే స్టార్చ్ కరుగుతుంది, అక్కడ బీటా అమైలేజ్‌తో పాటు ఆల్ఫా అమైలేజ్ కూడా పనిచేస్తుంది. చలి తగిలిన ఆకుల్లోనూ మాల్టోజ్ పెరుగుతుంది.

మీరు కొలవాలనుకుంటే ఒక్క మాట. అయోడిన్‌కు మాల్టోజ్ కనిపించదు, చక్కెరలను రంగు మార్పుతో పట్టే బెనెడిక్ట్ పరీక్ష దాన్ని గ్లూకోజ్ నుంచి వేరుచేయలేదు. చక్కెరలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి కొలిచే క్రోమటోగ్రఫీయే మేలు. ఆకు కోసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయండి. ఆలస్యమైతే ఎంజైమ్‌లు పని కొనసాగిస్తాయి, మీకొచ్చే అంకె ఆకులో ఉన్నది కాదు.