నెట్ లేని ఇంట్లో స్మార్ట్ టీవీ దండగా?

ప్రశ్న: నమస్తే సార్, మాది గుంటూరు బ్రాడీపేట. తెనాలి దగ్గర ఊళ్ళో ఉండే మా అమ్మకి టీవీ కొందామని వెళ్తే, నెట్ లేకపోతే స్మార్ట్ టీవీ కొన్నా దండగే అన్నాడు షాపతను. మరి అమ్మ డీటీహెచ్ బాక్సుకి కూడా నెట్ లేదు కదా, రిమోట్ నొక్కితే ప్రోగ్రాం గైడ్, గేమ్స్ ఎలా వస్తున్నాయి?

జవాబు: దండగేం కాదండీ. డిష్ సిగ్నల్లో బొమ్మా మాటే కాదు, డేటా కూడా కలిసి వస్తుంది. ఆ గైడూ గేమ్ ఫైళ్ళూ పైనుంచి ఒక వరసలో మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటారు, విజయవాడ స్టేషన్లో అనౌన్స్‌మెంట్ తిరిగి తిరిగి వచ్చినట్టు, మనం బటన్ నొక్కితే బాక్స్ తనక్కావాల్సిన ముక్క మళ్ళీ వచ్చేదాకా ఆగి పట్టుకుంటుంది, అందుకే ఒక్కోసారి ఆ లేటు. 1974లో బీబీసీ మొదలెట్టిన సీఫాక్స్ టెలిటెక్స్ట్‌ది (టీవీ తెర మీద వార్తల్లాంటివి అక్షరాల్లో చూపించే సేవ) కూడా ఇదే పద్ధతి, 2012 దాకా నడిచింది. మన దూరదర్శన్ 1985లో ఢిల్లీలో టెలిటెక్స్ట్ పెట్టింది.

కాకపోతే డిష్‌కి తీసుకోవడమే తెలుసు, తిరిగి పంపడం రాదు. అమ్మగారు ఏం నొక్కారో ఉపగ్రహానికి తెలీదు. యూట్యూబ్‌లో వెతకాలన్నా, టీవీ షోకి ఓటేయాలన్నా మన మాట అవతలికి వెళ్ళాలి కదా, ఆ దారే నెట్. యూరప్‌లో 2010లో వచ్చిన హెచ్‌బీబీటీవీ అనే టీవీ పద్ధతి ప్రసార సిగ్నల్‌నీ నెట్‌నీ కలిపింది, నెట్ లేకపోయినా అందులో కొంత పనిచేస్తుంది.

టీవీ మాత్రం బొమ్మ, సౌండ్ చూసి కొనండి. హెచ్‌డీఎంఐకి బాక్స్ పెడితే చాలు, యూఎస్‌బీలో పాటలు కూడా పెట్టుకోవచ్చు. గూగుల్ టీవీ అయితే సెటప్‌లో బేసిక్ టీవీ అని (నెట్, యాప్స్ లేకుండా మామూలు టీవీలా వాడుకునేది) ఉంటుంది, అది పెట్టండి. నెలనెలా కట్టడం వద్దనుకుంటే దూరదర్శన్ వాళ్ళ డీడీ ఫ్రీ డిష్ ఉంది. మీరు ఊరెళ్ళినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే సినిమాలు చూడొచ్చు గానీ హెచ్‌డీలో గంటకి దాదాపు 3 జీబీ దాకా లాగేస్తుంది, క్వాలిటీ తగ్గించుకోండి.

ఇంకోటి, ఇది ముఖ్యం. షాపులోనే నెట్ తీయించి ఆన్ చేయించండి. నేరుగా బాక్స్ చానెల్‌కి వెళ్తుందా, యాప్స్ స్క్రీన్ మీదే ఆగిపోతుందా చూడండి, ఆగిపోయే టీవీ అయితే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి, రోజూ అవస్థ పడేది పెద్దావిడ.