ఇంటెల్‌శాట్ ప్రైవేటు కంపెనీ అయ్యాక కూడా ఐటీఎస్ఓ అనే ప్రభుత్వాల సంస్థ ఎందుకు మిగిలింది?

పలు దేశాలు కలిసి నడిపిన ఉపగ్రహ సమాచార సంస్థ పాత ఇంటెల్‌శాట్. అది 1973 నుంచి రెండు ఒప్పందాల మీద నడిచింది: ఒకటి ప్రభుత్వాల మధ్య, రెండోది అవి నియమించిన టెలికాం సంస్థల మధ్య. ప్రభుత్వాల సభలో దేశానికో ఓటు. అసలు పెత్తనం ఆ టెలికాం సంస్థల ప్రతినిధులుండే గవర్నర్ల బోర్డుది. అక్కడ ఓటు బలం పెట్టుబడి వాటాను బట్టి, ఆ వాటా వాడకాన్ని బట్టి ఉండేది. ఒకే గవర్నరు చేతిలో 40 శాతానికి మించి ఓట్లు ఉండకూడదు. ఆ కళ్లెం ఆచరణలో అమెరికాకే.

యజమానులే ఖాతాదారులు కావడంతో, ఫైబర్ కేబుళ్లు, ప్రైవేటు ఉపగ్రహాలు పోటీకి వచ్చినప్పుడు ఈ పద్ధతి నెమ్మదిగా తోచింది. 1998లో కొన్ని ఉపగ్రహాలను న్యూ స్కైస్ అనే విడి కంపెనీకి ఇచ్చారు. 2001 జులై 18న మిగిలిన వ్యాపారం బెర్ముడాలో నమోదైన కంపెనీకి వెళ్లింది. టెలికాం సంస్థల వాటాలు షేర్లయ్యాయి.

కానీ ఉపగ్రహాల కక్ష్యా స్థానాలను ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూలో నమోదు చేసేది దేశాలే, కంపెనీలు కావు. అందుకే ఆ బాధ్యత అమెరికా, బ్రిటన్‌లకు అప్పగించారు. ప్రపంచమంతటా కవరేజీ, వేరే దారిలేని దేశాలకు సేవ, వివక్షలేని అందుబాటు కొనసాగుతున్నాయా అని చూడటానికి ఐటీఎస్ఓ మిగిలింది. దాని చేతిలో ఉపగ్రహాలు లేవు, కంపెనీతో ప్రజా సేవల ఒప్పందం మాత్రమే ఉంది. కంపెనీ దివాలా తీస్తే ఆ హామీలేమవుతాయన్నదే దాని అసలు బలహీనత.

ప్రభుత్వాల మధ్య ఒప్పందాన్ని ఇందుకు తగ్గట్టు సవరించడానికి దేశాల ఆమోదాలు కూడటం మరో తలనొప్పి. 2000లో సభ ఒప్పుకున్న మార్పులు చట్టపరంగా అమల్లోకి వచ్చింది 2004 నవంబరులో, అంటే ఆస్తులు చేతులు మారిన మూడేళ్లకు.