ఇంప్లాంటుకు ముందు షుగరు సంగతి

విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

కింది దవడలో పన్ను తీయించుకున్న చోట ఇంప్లాంటు పెట్టించుకోవాలని ఉన్నా, షుగరు ఉన్నవాళ్లకు అది నిలవదని ఎవరో అనడంతో వెనకాడుతున్నావని మరదలు చెప్పింది. షుగరు వచ్చాకే నేను పెట్టించుకున్న ఇంప్లాంట్లు నేటికీ గట్టిగా ఉన్నాయి కనుక ధైర్యంగా రాస్తున్నాను. షుగరు అదుపులో ఉన్నవారిలో ఇంప్లాంట్లు షుగరు లేనివారిలో మాదిరిగానే దాదాపుగా నిలుస్తాయి. ఇబ్బందంతా అదుపు తప్పిన షుగరుతోనే.

ఇంప్లాంటు అంటే ఎముకలో బిగించే టైటానియం మర. ఎముక దాన్ని అంటిపెట్టుకుని పెరిగితేనే పన్ను నిలుస్తుంది. ఈ గుణాన్ని గుర్తించి, 1965లో మనిషి దవడలో అమర్చి చూపిన స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం హెచ్చుగా ఉంటే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, కొత్త ఎముకను కట్టే కణాలు మందగిస్తాయి, క్రిములతో పోరాడే తెల్లకణాలు నీరసిస్తాయి. అందువల్ల గాయం ఆలస్యంగా మానడం, చీము పట్టడం ఎక్కువ.

కాబట్టి పరగడుపు షుగరు ఒక్కటి చూసుకుని బయలుదేరవద్దు. రెండు మూడు నెలల షుగరు సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించు. ఏడు శాతం లోపు ఉంటే చాలామంది డాక్టర్లు నిశ్చింతగా మొదలుపెడతారు, ఎనిమిది దాటితే తగ్గించుకుని రమ్మంటారు. నీకు రక్తం తక్కువని ఆమధ్య అన్నారు కదా, రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు, ఆ సంగతి తప్పక చెప్పు.

అంతకన్నా ముఖ్యం చిగుళ్లు. బ్రష్ చేసేటప్పుడు నురగలో ఎర్రటి చార కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోకు. చిగుళ్ల జబ్బు షుగరును పెంచుతుంది, షుగరు చిగుళ్ల జబ్బును పెంచుతుంది. ముందు క్లీనింగ్ చేయించి వాపు తగ్గాకే ఎముక స్కాను మాట ఎత్తు. ఇంప్లాంటు పెట్టాక కూడా చుట్టూ ఎముక అరిగిపోవడం చాలావరకు నొప్పి లేకుండానే మొదలవుతుంది, అందుకే ఇంప్లాంటుకూ పక్క పన్నుకూ మధ్య దూరే సన్నని బ్రష్షును రోజూ వాడాలి, డాక్టరు చెప్పిన గడువుకు చూపించుకోవాలి. సిగరెట్టు ఇంకా మానలేదని విన్నాను. షుగరుకు పొగ తోడైతే ఆ ఎముకకు రెండు దెబ్బలు తగిలినట్టే, నా మాట విని ఇప్పుడే మానేయి.

ఆపరేషన్ ఉదయం పూట పెట్టించుకో. ఖాళీ కడుపుతో వెళ్లి షుగరు పడిపోతే ప్రమాదం, కనుక టిఫిను ఎంత తినాలో, ఏ మాత్ర వేసుకోవాలో, దేన్ని ఆపాలో ముందే నీ షుగరు డాక్టరును అడుగు. మర బిగించాక దానిపై పన్ను పెట్టడానికి కింది దవడకు సుమారు మూడు నెలలు, పైదానికి ఆరు నెలల దాకా ఆగమంటారు; షుగరు ఉంటే ఇంకాస్త ఆగమన్నా ఒప్పుకో. అమ్మాయి పెళ్లి నాటికి పన్ను పెట్టేయమని మాత్రం తొందరపెట్టకు, పెళ్లికి తాత్కాలిక పన్ను సరిపోతుంది.

ఇక్కడ మహారాణిపేటలోనైనా, రుషికొండ గీతం దంత కళాశాలలోనైనా చూపించుకోవచ్చు, నేను తోడు వస్తాను. బయలుదేరే ముందు రక్తపరీక్షల కాగితాలు, వాడే మాత్రల చీటీ సంచిలో పెట్టుకో.

ఇట్లు,
అన్నయ్య