రీమ్యాప్ చేయించిన ఆక్టేవియా ఆర్ఎస్‌కి ఆయిల్ కూలర్ అవసరమా?

మీ ప్రశ్న ఇదీ: 2017 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230, స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) అయింది. రోజూ ఆఫీసుకి అదే కారు, ఏడాదికి రెండుసార్లు చెన్నైలో ట్రాక్ డే, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద తోలే రోజు. రీమ్యాప్ చేసిన ట్యూనర్ మాత్రం ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ పెట్టించకపోతే ఇంజిన్ పోతుందని టెన్షన్ పెడుతున్నాడు.

నన్నడిగితే ఇప్పుడే వద్దు. ఒక ట్రాక్ డే అంతా ఆయిల్ వేడి గమనించాక ఆలోచించండి. కూలర్ అవసరమున్న కారుకి తప్పుగా పెట్టించుకుని, అవసరం లేని కారుకి పెట్టించబోయి ఆగినవాణ్ని నేను.

మొదటిది పాత మిత్సుబిషి సీడియా, 2 లీటర్ల ఇంజిన్. డ్యాష్‌బోర్డులో నీళ్ల వేడి చూపించే ముల్లు తప్ప ఆయిల్‌కి ఏమీ లేదు. ఆ ముల్లు ఎప్పుడు చూసినా సగం దగ్గరే ఉండేది, అంతా బాగుందనుకునేవాణ్ని. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఆరో ల్యాప్ అయ్యాక పిట్‌లోకి వస్తే ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ లైటు మినుకుమంది. తర్వాత విడిగా మీటరు పెట్టించి చూస్తే 142 డిగ్రీలు, ఇంకా ఎక్కుతూనే ఉంది. ఆ కారుకి కూలర్ నిజంగానే కావాలి.

పెట్టించిన తీరే బాగోలేదు. గ్యారేజ్‌వాళ్లు ఆయిల్‌ని కూలర్‌కి మళ్లించడానికి ఫిల్టర్ కింద వేసిన శాండ్‌విచ్ ప్లేట్‌లో థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కాకే కూలర్‌కి దారి తెరిచేది) లేదు. నాకూ అప్పుడు తెలియదు. ట్రాక్‌లో 118 దగ్గర ఆగింది, నేను ఖుషీ. డిసెంబరులో కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్తుంటే మాత్రం ఆయిల్ 65 దాటేది కాదు. నెల తిరిగేసరికి ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ నురగలా తెల్లగా పేరుకుంది. పెట్రోలు మండినప్పుడు పుట్టే తేమ ఎంతో కొంత ఆయిల్‌లోకి చేరుతుంది. ఆయిల్ 90, 100 వరకు వేడెక్కితేనే అది ఆవిరై పోతుంది. అంటే ఏడాదికి రెండు రోజుల కోసం మిగతా అన్ని రోజులూ ఇంజిన్‌ని ఇబ్బంది పెట్టానన్నమాట.

అంతటితో పోలేదు. హోస్ పైపు ఒక ఇనుప అంచుకి రాసుకుని, రాసుకుని కారడం మొదలుపెట్టింది. మార్షల్ జెండా ఊపి లోపలికి పిలిస్తేగానీ నాకు తెలియలేదు. కూలర్ పెట్టడమంటే ఆయిల్ బయటికి పోవడానికి నాలుగైదు కొత్త జాయింట్లు పెట్టుకోవడమే. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

ఇప్పుడు నా దగ్గరా ఆర్ఎస్ 230 ఉంది, మీలాగే రీమ్యాప్‌తో. ఇందులో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కే నీళ్లతో పనిచేసే చిన్న కూలర్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. పొద్దున నీళ్లు త్వరగా వేడెక్కి ఆయిల్‌ని వేడెక్కిస్తాయి, ట్రాక్‌లో అవే నీళ్లు ఆయిల్ వేడిని లాక్కుంటాయి. అంటే మీరు 'కూలర్ లేని కారు' అనుకుంటున్నది నిజానికి కూలర్ ఉన్న కారే. పైగా ఆయిల్ వేడి మీటర్ స్క్రీన్‌లోనే కనిపిస్తుంది, అదనంగా ఏదీ కొనక్కర్లేదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో వెళ్తే నా కారు ఆయిల్ మే నెలలో కూడా 105 దాటలేదు. వేడిని పెంచేది స్పీడు కాదు, యాక్సిలరేటర్ ఎంతసేపు తొక్కి పట్టారన్నది. రోడ్డు మీద పూర్తిగా తొక్కితే పది సెకన్లు, ఆ తర్వాత ఎలాగూ లారీ అడ్డమొస్తుంది. రీమ్యాప్‌తో వచ్చిన ఆ 290 హార్స్‌పవర్ కాగితం మీద ఉన్నంతసేపూ ఆయిల్‌కి ఏమీ కాదు. ట్రాక్‌లో పదిహేను నిమిషాల సెషన్లో నాలుగో ల్యాప్‌కి 119, ఆరో ల్యాప్‌కి 128, ఆపై 131 దగ్గర నిలిచిపోయింది. ఒక ల్యాప్ మెల్లగా తిరిగితే మళ్లీ 112.

చూడాల్సింది ఆ నిలిచిపోవడమే. 131 అంకె చూసి నాకూ మొదట గుండె జారింది. మంచి సింథటిక్ ఆయిల్ కాసేపు అంత వేడిని తట్టుకుంటుంది. 40 గ్రేడు ఆయిల్ 150 డిగ్రీల దగ్గర కూడా కనీసం ఎంత చిక్కగా ఉండాలో ప్రమాణమే ఉంది. సెషన్ అయ్యేదాకా ఎక్కడా ఆగకుండా 140 వైపు ఎక్కుతూనే ఉంటే అప్పుడు కూలర్ మాట. 135 లోపు ఆగితే ఫోక్స్‌వ్యాగన్ 502 00 ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-40 పోసి, ప్రతి ట్రాక్ డే తర్వాత మార్చేయండి. కూలర్ కిట్ ఖర్చుతో పోలిస్తే అది ఎంత? ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ అంకె ఇంజిన్ కింద చాంబర్‌లో ఆయిల్ వేడి. బేరింగుల దగ్గర ఇంకా ఎక్కువే ఉంటుంది, అందుకే 140 దాకా ఆగకుండా ముందే జాగ్రత్త పడమంటున్నాను.

మూడో ల్యాప్ నుంచి బండి లాగట్లేదని కూడా రాశారు. అది ఆయిల్ వల్ల కాకపోవచ్చు. రీమ్యాప్ చేసిన టర్బో కార్లలో ముందు చేతులెత్తేసేది ఇంటర్‌కూలర్, అంటే టర్బో నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది. లోపలికి వెళ్లే గాలి వేడెక్కితే ఇంజిన్ తనంతట తనే పవర్ తగ్గించుకుంటుంది. నేను ఆయిల్ కూలర్ డబ్బు దానికే పెట్టాను, తేడా మూడో ల్యాప్‌లోనే తెలిసింది. డీఎస్‌జీ (ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఆయిల్ కూడా వేరే సంగతి, దీనితో కలపొద్దు. గట్టి గ్రిప్ టైర్లు వేసి పొడుగాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోయి ప్రెషర్ పడిపోతే ఏ కూలరూ కాపాడదు. దానికి చాంబర్‌లో అడ్డుపలకలు కావాలి.

అంతా చూశాక కూడా పెట్టించాల్సే వస్తే, 80, 85 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న ప్లేటే అడగండి. కూలర్‌ని రేడియేటర్ ముందు పూర్తిగా అడ్డం పెట్టనివ్వకండి, నీళ్ల వేడి పెరుగుతుంది. పెట్టించిన వారానికి కారు ఎత్తించి ప్రతి హోస్‌నీ చేత్తో తడిమి చూడండి.

ఈసారి మధ్యాహ్నం సెషన్‌కి వెళ్లండి, పొద్దున సెషన్ అంకెలు మోసం చేస్తాయి. పక్క సీట్లో స్నేహితుణ్ని కూర్చోబెట్టి ల్యాప్‌కో అంకె రాయించండి. మీరే చూసుకుంటూ తోలితే రెండో మలుపులోనే గోడ ఎక్కుతారు. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.